బానెట్ మీద చెయ్యి

జూన్ 12

పాప 1,140 గ్రాములు. నిన్నటి కంటే ఇరవై తక్కువ. మొదటి వారంలో తగ్గడం మామూలేనని నర్సు అంది. నర్సులకు అన్నీ మామూలే.

ఈ డైరీ స్పేర్ పార్ట్స్ అంగడివాళ్ళు జనవరిలో ఇచ్చింది. ఏ బండికి ఏం చేశానో రాసుకోవడం మా మేస్త్రి నేర్పిన అలవాటు. ఇప్పటిదాకా ఇందులో క్లచ్ ప్లేట్లు, ఆయిల్ సీళ్ళు తప్ప మరేమీ లేవు. యశోద పచ్చి బాలింత, ఏం చెప్పినా ఏడుస్తోంది. మాట్లాడడానికి మరో మనిషి లేడు కాబట్టి దీనితోనే చెప్పుకుంటున్నాను.

ఏడో నెలలోనే పుట్టింది. గాజు పెట్టెలో పెట్టారు. నా బొటనవేలంత కాళ్ళు. నెల రోజులైనా ఉంచాలట, రోజుకు తొమ్మిది వేలు. మా ఉచిత వైద్యం కార్డు ఈ ఆస్పత్రిలో చెల్లదు. కర్నూలు తీసుకుపోతానంటే అంత దారి తట్టుకోలేదన్నాడు డాక్టరు. డబ్బుకోసం అంటున్నాడేమో అనుకుందామని చూశాను. కానీ దాని ఊపిరి ఎట్లా ఆగి ఆగి వస్తోందో నా కళ్ళతోనే చూశాను కదా.

జూన్ 13

1,120.

యశోద గొలుసు అమ్మాను. ఇంకో పది రోజులకు సరిపోతుంది.

జూన్ 14

హులిగమ్మ ఫోన్ చేసింది. మా తిక్కయ్య మేస్త్రి భార్య. ఎమ్మిగనూరులో ఆయన షెడ్డులో పదకొండేళ్ళు పనిచేశాను. పని అక్కడే నేర్చుకుని, ఆదోనికొచ్చి మార్కెట్ యార్డు వెనుక సొంత షెడ్డు పెట్టుకున్నాను. మేస్త్రి పోయి మూడేళ్ళయింది. ఫోన్ మోగగానే, పాప సంగతి విని పరామర్శకు చేసి ఉంటుందనుకున్నాను. ఆమెకు పాప సంగతే తెలియదు. నేనూ చెప్పలేదు.

మేస్త్రి పికప్పు అమ్మేస్తుందట. 1968 జీపు పికప్పు, మిలటరీ వేలంలో కొన్నాడు. ఎనిమిదేళ్ళ కింద ఆగిపోయింది, అప్పటినుంచి షెడ్డులోనే ఉంది. వచ్చిన డబ్బుతో రెండు బర్రెలు కొనుక్కుని పాలు పోసుకుంటుందట. ధర చెప్పడానికి నన్ను రమ్మంది.

"వేరేవాళ్ళు ఎవురు సెప్పినా నాకు నమ్మకం ల్యాదప్పా. ఆయప్ప చెయ్యి నీకే వచ్చింది."

ఆ చెయ్యి సంగతి రాసుకోవాలి. ఆగిపోయిన బండికి ధర చెప్పేటప్పుడు మేస్త్రి బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఒకే అంకె చెప్పేవాడు. అమ్మేవాడికీ అదే, కొనేవాడికీ అదే. రూపాయి తగ్గకూడదు, రూపాయి పెరగకూడదు. పత్తికొండ టమోటా మార్కెట్ దగ్గర ఆటోల వాళ్ళు కూడా ఆయన్ను పిలిపించుకుని ఆ అంకె చెప్పించుకుని పోయేవాళ్ళు. చెయ్యి పెట్టాక బేరం ఉండదు. ఆయన పోయాక జనం నన్ను పిలవడం మొదలుపెట్టారు. మూడేళ్ళలో నేను చెప్పిన ఏ ధరనూ ఎవరూ కాదనలేదు. అది నాకు కొంచెం తలకెక్కిందని కూడా ఒప్పుకోవాలి.

జూన్ 16

ఉదయం పాపను చూసి ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. 1,120, అట్లాగే ఉంది.

నడవని బండిని ఎట్లా చూడాలో మేస్త్రి చెప్పింది గుర్తు తెచ్చుకుంటూ పోయాను. ముందు ఇనుముగా ఎంత పలుకుతుందో చూడు, అంతకంటే కిందికి దిగవద్దు. తర్వాత అదే బండి నడుస్తుంటే ఎంత పలుకుతుందో చూసి, నడిపించడానికయ్యే ఖర్చు అందులోంచి తీసెయ్యి. ఆఖరున, పోతే మళ్ళీ దొరకని వస్తువులు ఎన్నున్నాయో లెక్కపెట్టు.

బండి మీద కప్పిన పట్టా తీశాను. ఛాసిస్ గట్టిగా ఉంది, సుత్తితో కొట్టి చూస్తే గంటలా మోగింది. తుప్పు వెనుక తొట్టి అడుగునే. మీటర్లు, ముందు జాలీ, తలుపులు అన్నీ అసలువే. తలుపు మీద మేస్త్రి స్వయంగా రాయించుకున్న అక్షరాలు కూడా చెక్కుచెదరలేదు: తిక్కయ్య, ఎమ్మిగనూరు, కింద ఫోన్ నంబరు. ఆర్.సి. బుక్కు ట్రంకు పెట్టెలో ఉందని హులిగమ్మ తీసి చూపించింది. బానెట్ మీద కుంకుమ, ఎండిన నిమ్మకాయ.

ఆమె టీ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు స్టార్టింగ్ హ్యాండిల్ దూర్చి తిప్పాను. హ్యాండిల్‌కు తుప్పు లేదు. ఎనిమిదేళ్ళు మూలన పడ్డ ఇనుము ఇంత నున్నగా ఎట్లా ఉందో అర్థం కాలేదు. ఇంజను కదిలింది. సగం చుట్టు, ఇంకో సగం, లోపలి గాలి ఎదురు నెట్టడం చేతికి తెలిసింది. పట్టేయలేదు. ఆగిపోయి ఇన్నేళ్ళయిన ఇంజను లోపల బిగుసుకుపోయి పట్టేయకుండా ఉండడం నేను చూడలేదు.

టీ తాగి, రెండు రోజుల్లో వచ్చి ధర చెబుతానన్నాను. ఫొటోలు తీసుకున్నాను. ఊరికే తీసుకున్నాను.

జూన్ 17

ఆ ఫొటోలు బెంగళూరాయనకు పంపాను. పాత బండ్లు కొని బాగు చేసి ఉంచుకునే డబ్బున్నోడు. పోయినేడు ఒక పాత మోటారు సైకిలు కోసం మా షెడ్డుకు వచ్చి నంబరు ఇచ్చిపోయాడు. అసలు ధర తెలుసుకుంటేనే కదా సరైన ధర చెప్పగలిగేది. అందుకే పంపాను.

జూన్ 18

1,090.

డాక్టరు ఏదో ఇన్ఫెక్షన్ అన్నాడు. సూది ఒక్కొక్కటి నాలుగు వేలు, అయిదు సూదులు.

బెంగళూరాయన సాయంత్రం ఫోన్ చేశాడు. ఇంజను తిరుగుతుంటే, బుక్కు ఉంటే మూడు లక్షలు. బండి ఎక్కడుందని అడిగాడు. నా దగ్గరే ఉందన్నాను.

జూన్ 19

రాసుకుంటే తేలుతుందని రాస్తున్నాను. తొట్టి అడుగు తుప్పు. టైర్లు నాలుగూ మట్టి. వైరింగ్ ఎలుకలు తిన్నాయి. కార్బొరేటర్ ఖాళీ డబ్బా. బ్రేకులు లేవు. ఇంజను తిరిగింది నిజమే, కానీ ఒక్క చుట్టు తిరిగిన ఇంజను మంచి ఇంజనని ఎవరన్నారు? లోపల రింగులు ఏమయ్యాయో ఎవరికి తెలుసు? పట్టేసినట్టే అనుకోవాలి. మెకానిక్ అనేవాడు చెడ్డవైపే అనుకోవాలి.

ఎమ్మిగనూరులో ఆ బండిని ఎవరు కొంటారు? ఎవరూ కొనరు. గుజిరీ అంగడివాడు తూకం వేసి ముప్పై అయిదు, నలభై ఇస్తాడు. ఆ పాత ఇనుము సామాన్లవాడి కంటే అయిదు వేలు ఎక్కువ చెబితే అది మోసం ఎట్లా అవుతుంది? మూడు లక్షలు బండిది కాదు. బెంగళూరు మనిషి నాకు తెలుసు కాబట్టి వచ్చే డబ్బు, అంటే నా తెలివిది.

పాప ఇంటికొచ్చాక నేనే హులిగమ్మకు ఒక బర్రె కొనిస్తాను. రెండు కొనిస్తాను.

జూన్ 20

చెప్పేశాను.

నలభై అయిదు వేలు. చెయ్యి పెట్టి చెప్పాను. బానెట్ ఎండకు కాలుతోంది, అయినా తీయలేదు. ఆమె ఇంజను ఎట్లా ఉందని అడిగింది.

"పట్టేసిందమ్మా," అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. గోడకు ఆనించిన హ్యాండిల్ వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ధర తక్కువైందని బాధపడుతోందేమో అనుకున్నాను. ఒక్క మాట ఎదురాడితే, చెయ్యి తీసి నిజం చెప్పేసేవాడినేమో. ఆమె "సరేప్పా, నువ్వు సెప్పింటే అదే" అంది. కొనే పార్టీ ఒకటి ఉందని, పది రోజుల్లో డబ్బు పట్టుకొస్తానని చెప్పాను. అప్పుడు పాప సంగతి కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. నా ముఖం చూసి ఇంకేదైనా అనుకోకూడదని కాబోలు.

ఆమె బస్టాండు దాకా వచ్చింది. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటానంది.

జూన్ 22

1,060.

జూన్ 24

1,070. పది గ్రాములు! యశోద నవ్వింది. ఆమె నవ్వి పదిహేను రోజులైంది.

హులిగమ్మకు ఇవ్వాల్సిన నలభై అయిదు వేలు చేతిలో పడితే చాలు, మిగతాదంతా దానంతటదే అయిపోతుంది. ఆ నలభై అయిదే లేదు. పాతికదాకా పోగుచేస్తాను, పొద్దున ఆస్పత్రి కౌంటరు దగ్గర అయిపోతుంది. వెల్డింగ్ మిషన్ అమ్మకానికి పెట్టాను. దానికి సరైన ధర ఎవడూ చెప్పడం లేదు. అందరూ నా ముఖం చూసి, దాన్నిబట్టి ధర చెబుతున్నారు.

జూన్ 26

బెంగళూరాయనకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అడ్వాన్సు పంపమని మెసేజ్ పెట్టాను. చూశాడు, జవాబు లేదు.

జూన్ 28

మధ్యాహ్నం పాప ఊపిరి ఆగిపోయింది. నర్సు అరికాలి మీద చిటికె వేసింది, మళ్ళీ వేసింది. ఎంతసేపో తెలియదు. మళ్ళీ వచ్చింది.

గాజుకు తల ఆనించి మొక్కుకున్నాను. మొక్కుకుంటుంటే మధ్యలో బానెట్ గుర్తొచ్చింది. ఆపేశాను. ఆ నోటితో ఏం అడగను?

జూన్ 30

ఫోన్ రెండు రోజులు ఆపి ఉంచాను. ఈరోజు పొద్దున ఆన్ చేయగానే టింగుమని మోగింది. అయిదు వేలు జమ అయ్యాయి. బెంగళూరాయన పంపాడు. కింద రెండు మాటలు: బండి చేరింది, థాంక్స్.

నా తప్పే. తలుపు ఫొటోలో మేస్త్రి పేరు, ఊరు, నంబరు అన్నీ అచ్చు వేసినట్టు ఉన్నాయి. మూడు లక్షల బండిని చూపించే తొందరలో నేను దాన్ని చూడలేదు. వాళ్ళు తిన్నగా ఎమ్మిగనూరు పోయారు.

హులిగమ్మకు ఫోన్ చేశాను. ఆమె గొంతులో సంబరం. నా పార్టీ వచ్చి బండి తీసుకుపోయిందట. ఇద్దరు మనుషులు కారులో వచ్చి, ఫోన్లో బండి ఫొటోలు చూపించి, నా పేరు చెప్పి, మహేశ్వర్ పంపినవేనంటే నేనే పంపానని అనుకుంది. ఆస్పత్రి వదిలి రాలేక వాళ్ళను పంపి ఉంటాడులే అనుకుందట.

ఎంతకిచ్చావమ్మా అని అడిగాను.

"వాళ్ళు పిచ్చోళ్ళ మాదిరుండారప్పా. వస్తానే రెండున్నర లచ్చలిస్తామనిరి. నేను ఒప్పుకోల్యా. మా మహేశ్వరు చెయ్యి పెట్టి సెప్పిన ధర నలభై అయిదు, అంతకన్నా రూపాయి తీసుకోనంటి. ఆయప్ప పోయినా ఆ మాట పోకూడదు కదప్పా."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశారట.

ఫోన్ పెట్టేసి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాను. తర్వాత బెంగళూరాయనకు ఫోన్ చేశాను. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు. ధర మీవాళ్ళు చెప్పిందే కదా అన్నాడు. కాగితం రాసుకున్నామని, సంతకం ఉందని చెప్పాడు. మర్యాదగానే మాట్లాడాడు. అతను చేసింది నేను చేద్దామనుకున్నదే.

జూలై 1

1,130.

జూలై 2

1,150. షెడ్డుకు పోలేదు.

జూలై 5

హులిగమ్మ ఆస్పత్రికి వచ్చింది. చీర కొంగున కట్టుకుని పాతిక వేలు తెచ్చింది. నలభై అయిదులో పాతిక. వద్దన్నాను. వద్దని గట్టిగా అనలేదు. రేపటి తొమ్మిది వేలు నా దగ్గర లేవు.

"బర్రెలు యాడికీ పోవప్పా. బిడ్డ బతకల్ల ముందు."

యశోద ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను కౌంటరు దగ్గరికి పోయి ఆ డబ్బు కట్టాను. రసీదు రాసే అమ్మాయి నా పేరు రెండుసార్లు అడిగింది.

ఇవాళ అమావాస్య, పెందలాడే పోవాలంది హులిగమ్మ. పోయేముందు గాజులోంచి పాపను చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత ఏదో అనబోయి, ఇప్పుడు పోయి చేసేదేముందిలే అనుకుంటూ మెట్లు దిగిపోయింది. ఏమిటని నేను అడగలేదు.

జూలై 8

1,290. పాలు గొట్టంలోంచి కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టారు.

యశోద ఆ బండి సంగతి అడిగింది. అంత పాత బండిని నలభై అయిదు వేలకు కొన్నవాళ్ళు నిజంగా పిచ్చోళ్ళే అంది. అవునన్నాను.

జూలై 9

మంచి మెకానిక్ అయినా ఒకసారి తప్పు చూస్తాడు. ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

జూలై 10

ఎవరూ అడగడం లేదు.

జూలై 13

ఎమ్మిగనూరు పోయి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ డైరీలో కూడా అబద్ధం రాస్తే ఇంక ఎక్కడా చోటు లేదు.

షెడ్డు ఖాళీగా ఉంది. నేల మీద నాలుగు టైర్ల గుర్తులు, మధ్యన ఆయిల్ మరక. హ్యాండిల్ మాత్రం దేవుడి పటాల కింద ఆనించి ఉంది. దానికి పసుపు, కుంకుమ పెట్టింది. వాళ్ళకు ఇవ్వలేదా అని అడిగితే, మరిచిపోయానంది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"అమ్మా, ఇంజను పట్టేయలేదు. ఆ పొద్దే తిప్పి చూసినా. బాగా తిరిగింది."

ఆమె ముఖంలో కోపం వస్తుందని చూశాను. కోపం రాలేదు. నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంది. గోడకు చెయ్యి ఆనించి మెల్లగా కూర్చుంది.

"పట్టేయల్యాదా? నిజంగా?"

పట్టేయలేదన్నాను.

"అట్లయితే నా వల్ల కాల్యాదు."

అప్పుడు చెప్పింది. పోయేముందు మేస్త్రి ఆమెకు ఒక పని అప్పజెప్పాడట. అమావాస్య అమావాస్యకు బండికి పూజ చేసి, హ్యాండిల్ దూర్చి రెండు చుట్లు తిప్పమన్నాడట, ఇంజను పట్టేయకుండా. మూడేళ్ళు తిప్పింది. ఆయన ఉన్నప్పుడు ఆయన తిప్పేవాడు. మొన్న జూన్ మొదట్లో వచ్చిన అమావాస్యకు జ్వరమొచ్చి లేవలేకపోయింది. ఆ ఒక్కటే తప్పింది. నేను పట్టేసిందనగానే, ఆ ఒక్క అమావాస్య వల్లే అనుకుంది. తర్వాత హ్యాండిల్ పట్టుకుని తిప్పి చూడడానికి కూడా ధైర్యం చాలలేదట.

"ఇరవై దినాలు నిద్ర ల్యాదప్పా నాకు. ఆయప్ప నమ్మి ఇచ్చిపోయిన బండి, ఒగ దినం ఒళ్ళు బాగలేదని పాడు చేస్తి కదా అని. పటం తట్టు సూడల్యాకపోతి."

ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది. ఆ హ్యాండిల్ మీద తుప్పు ఎందుకు లేదో నాకప్పుడు తెలిసింది. ఆమె చేతులు చూశాను. ఆమె ఆ చేతులను కాదని నా చేతిని నమ్మింది.

అంతటితో ఊరుకుని వచ్చేయవచ్చు. ఆమె సంతోషంగానే ఉంది. అయినా ధర కూడా చెప్పాను. ఆ బండి మూడు లక్షలు చేస్తుందన్నాను.

నవ్వు ఆగింది. ఆయిల్ మరక వైపు చూసింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"తప్పు సూసినావా, తప్పు సెప్పినావా?"

తప్పు చూశానని చెప్పడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. తుప్పు, రింగులు, వైరింగ్. పొద్దున బస్సులో అవన్నీ వరసగా ఒకసారి అనుకున్నాను కూడా.

"తప్పు చెప్పినా," అన్నాను.

ఆమె లేచింది. హ్యాండిల్ తీసి నా చేతిలో పెడుతుందేమోనని, లేదా దానితోనే నన్ను కొడుతుందేమోనని అనిపించింది. ఆమె దాని మీద పడిన కుంకుమ సర్ది, తిరిగి పటాల కింద అక్కడే ఆనించింది.

"ఆ పాతిక వేలు బిడ్డవి. వాటి మాట ఎత్తొద్దు," అంది. ఆ తర్వాత, "ఇంగ ఎవురికీ ధర సెప్పాకప్పా" అంది.

గొంతులో కోపం లేదు. పని నుంచి తీసేసేటప్పుడు మేస్త్రి గొంతు అట్లాగే ఉండేది.

గడప దాటుతుంటే వెనకనుంచి, పాప ఎంత తూగుతోందని అడిగింది. చెప్పాను.

జూలై 14

1,410.

పొద్దున దేవనకొండ నుంచి ఒకాయన షెడ్డుకు వచ్చాడు. వాళ్ళన్న టెంపో మూడేళ్ళుగా ఆగిపోయి ఉందట, అన్నదమ్ములిద్దరి మధ్య ధర తేలడం లేదట. దాన్ని ట్రాక్టరుకు కట్టుకుని నా దగ్గరికే ఈడ్చుకొచ్చాడు. మీరు చెయ్యి పెడితే మా ఇద్దరికీ పంచాయితీ ఉండదన్నాడు.

బండి చుట్టూ తిరిగాను. చూడగానే అంకె తెలిసింది, నోటిదాకా వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

నాకు ధర తెలియదన్నాను.